కూపుదారిలో గాలి దిగని చక్రాలు

దోర్నాల కూడలిలో శ్రీశైలం బస్సులు ఆగే హోటళ్లలో ఇప్పటికీ ఒక కథ చెబుతుంటారు. అడవిలో మాయమైన లారీ డ్రైవరు ఒకడు మిట్టమధ్యాహ్నం పూట వచ్చి తన బండికి గాలి కొట్టి పోయేవాడట. ఈమధ్య నేను విన్నప్పుడు ఆ లారీ దానంతట అదే ఘాటు దిగి వచ్చినట్టు కూడా చేర్చారు. ఆ చక్రాలు విప్పినవాణ్ని నేనేనని హోటలాయనకు తెలియదు. టీ గ్లాసు నా ముందు పెడుతూ, "నమ్మకుంటే మానుకో పెద్దాయనా, చూసినోళ్లు చెప్పిన మాట" అన్నాడు. చూసినవాళ్లు చెప్పే మాట ఒకటి కాగితం మీద ఉండటం అవసరమనిపించింది. రెండో కారణం కూడా ఉంది. ట్యూబులు అతికే పనివాళ్లు చాలామంది రబ్బరంతా ఒకటే అనుకుంటారు. అట్ల అనుకోవడం వల్ల ఒక ఇల్లు ఏడాదికి పైగా ఎటూ తేలకుండా నిలిచిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మూడో ఏడు, ఎండాకాలంలో, నన్ను గిద్దలూరు షెడ్డు నుంచి మార్కాపురం షెడ్డుకు టైర్ సెక్షన్ ఫోర్‌మన్‌గా మార్చారు. అప్పటికి మా తాలూకాలు కర్నూలు జిల్లాలోనే ఉండేవి. మాది ఒక ప్రైవేటు మోటారు సర్వీసు. కొన్ని బస్సులు, పలకల పెట్టెలు మోసే లారీలు, నల్లమలలోని కూపుల నుంచి వెదురు దించే లారీలు ఉండేవి. కూపు అంటే అడవిశాఖ వారు వెదురు నరకడానికి వేలం వేసి ఇచ్చే భాగం. షెడ్డులో హెడ్ మెకానిక్కుది మొదటి స్థానం, తరువాత ఎలక్ట్రీషియనుది, ఆ తరువాత టైర్ ఫోర్‌మనుది. నా కింద ఇద్దరు ఫిట్టర్లు. టైర్లు విప్పడం, ట్యూబులు అతకడం, అరిగిన టైరుకు పచ్చి రబ్బరు చుట్టి అచ్చులో ఉడికించి కొత్త పట్టు వేయించడం మా పని.

నేను చదివింది ఎనిమిదో తరగతి. రబ్బరు గురించి తెలిసినదంతా మార్కాపురం శాఖా గ్రంథాలయంలో నేర్చుకున్నాను. అక్కడి గ్రంథపాలకుడు వెంకటసుబ్బయ్యగారు నా ఆసక్తి చూసి, రెండో ప్రపంచయుద్ధ కాలంలో అచ్చయిన ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని జిల్లా గ్రంథాలయం నుంచి తెప్పించి పెట్టారు. నిఘంటువు పక్కన పెట్టుకొని, షెడ్డు మూసిన తరువాత పోయి, పేజీ పేజీ చదివాను. అట్ల చదువుకున్నందుకు ఈనాటికీ గర్వపడతాను. చెట్టు పాల నుంచి వచ్చే రబ్బరును గంధకంతో కలిపి ఉడికిస్తే గట్టిపడుతుందని మా పని చేసే అందరికీ తెలుసు. యుద్ధంలో రబ్బరు తోటలున్న దేశాలు శత్రువుల చేతుల్లోకి పోయినప్పుడు అమెరికావాళ్లు పెట్రోలియం నుంచి, సారాయి నుంచి రబ్బరు చేయడం మొదలుపెట్టారని ఆ పుస్తకమే చెప్పింది. స్టైరీను, బ్యుటడయీను అనే రెండు ద్రవ్యాలను సబ్బునీళ్లలో చిలికితే మజ్జిగలాంటి పాలు తయారవుతాయి. ఉప్పునీళ్లు, ఆమ్లం పోసి వాటిని విరగగొట్టి, ముద్దలు కడిగి ఆరబెడితే టైర్లకు పనికివచ్చే రబ్బరు. నూనెకు ఉబ్బనిది ఇంకొక రకం, దాన్ని గొట్టాలకు, నూనె కారకుండా ఆపే సీళ్లకు వాడతారు. మూడోది బ్యుటైలు. ఐసోబ్యుటిలీను అనే వాయువును సున్నాకు దిగువన వంద డిగ్రీల దాకా చల్లబరిచి, అందులో కొద్దిగా ఐసోప్రీను కలిపితే, ఆ చలిలో రెప్పపాటులో గడ్డకట్టే రబ్బరు అది. మార్కాపురం ఎండలో చెమట తుడుచుకుంటూ ఆ పేజీ చదవడం నాకు బాగా గుర్తు.

బ్యుటైలు రబ్బరుకు ఒక విశేషం ఉంది. గాలి దానిలో నుంచి సులభంగా బయటికి పోలేదు. చెట్టు రబ్బరు ట్యూబుకు చిల్లి లేకపోయినా గాలి ఆ రబ్బరులోంచే కొద్దికొద్దిగా ఊరి పోతుంది. సైకిలున్న ప్రతివాడికీ ఈ అనుభవం ఉంది. బ్యుటైలులో ఆ ఊరడం చాలా నెమ్మది. యుద్ధకాలపు ట్యూబుల్లో ఈ రకాన్ని గుర్తుపట్టడానికి చుట్టూ నీలిగీత వేసేవారు. ఆ గీత ఎందుకో మా షెడ్డులో ఎవరికీ తెలియదు. అది కంపెనీ వాళ్ల అలంకారం అనుకునేవారు.

మా లారీల్లో ఒకటి యుద్ధం తరువాత సైన్యం వేలం వేసిన అమెరికా బండి. దాని ట్యూబులన్నీ నీలిగీతవే. దాన్ని నడిపేవాడు ఓబులేసు, కొనకనమిట్ల పక్క పల్లెవాడు. అన్న కొండయ్య గొర్రెలు కాస్తాడు. భార్య ఈశ్వరమ్మ, చిన్న కూతురు. ఓబులేసు తన బండి చక్రాలను ఫిట్టర్ల చేతికి ఇచ్చేవాడు కాడు. బండి తీసే ప్రతి ఉదయం సీటు కింద నుంచి తన పంపు తీసి, ఒక్కొక్క చక్రానికి తానే గాలి కొట్టేవాడు. "నువ్వు కొట్టేది కంపెనీ గాలి అన్నా. ఘాట్లో నిలబడేది నా గాలే" అని నన్ను ఎగతాళి చేసేవాడు. ఆ ఏడు ఆషాఢంలో ఒకరోజు, కుడివైపు వెనక బయటి చక్రంలోని నీలిగీత ట్యూబు వాల్వు దగ్గర చినిగితే, నేనే మామూలు చెట్టు రబ్బరు ఎర్ర ట్యూబు ఎక్కించాను. దీన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఆ వారమే ఓబులేసు ఖాళీ బండితో కూపుకు పోయినాడు. క్లీనరు జ్వరం వచ్చి దోర్నాలలో దిగిపోయాడు. బండి కూపుకు చేరలేదు. మరునాడు కూలీలు వెతుక్కుంటూ పోతే శ్రీశైలం దారి నుంచి చీలిన కూపుదారిలో వెనక ఇరుసు విరిగి నిలబడి ఉంది. బానెట్టు ఎత్తి ఉంది. డ్రైవరు వైపు తలుపు తెరిచి ఉంది. రేడియేటరుకు నీళ్లు తెచ్చే డబ్బా కింది వాగు ఒడ్డున దొరికింది. నిండుగా నీళ్లు, మూత బిగించి ఉంది. మనిషి లేడు. పోలీసులు, అడవిశాఖ వాళ్లు వాగు పొడవునా వెతికినారు. నెత్తురు చుక్క గానీ గుడ్డపేలిక గానీ కనపడలేదు. ఆ పాత బండికి ఇరుసు ఎక్కడా దొరకలేదు, వానలకు కూపుదారి కోసుకుపోయింది, వేలం కూడా రద్దయింది. లారీ అక్కడే ఉండిపోయింది.

శివరాత్రికి శ్రీశైలం కొండకు పోయే జనంతో ఈశ్వరమ్మ దోర్నాల దాకా వచ్చి, చెక్‌పోస్టు వాచరు గురవయ్యను బతిమాలి ఆ బండి దగ్గరికి పోయింది. చక్రాలు చేత్తో ఒత్తి చూసింది. రాయిలాగా ఉన్నాయి. ఎండలు ముదిరాక మళ్లీ పోయింది. అప్పుడూ అంతే. ఊరికి వచ్చి, తన మొగుడు బతికే ఉన్నాడని, బండికి గాలి కొడుతున్నాడని చెప్పింది. గురవయ్య కూడా ఆ పక్క పోయినప్పుడు మధ్యాహ్నం వేళ పంపు కొట్టే సప్పుడు విన్నానని చెప్పేసరికి ఆ మాట తాలూకా అంతా పాకింది.

కొండయ్యకు ఇది మింగుడుపడలేదు. తమ్ముడికి కర్మ జరగలేదు. ఏడాది తిరిగినా పిడికెడు మెతుకులు పెట్టలేదని అతని బాధ. కర్మ జరిగితే ఈశ్వరమ్మ గాజులు తీయాలి. ఆమె తీయనంటుంది. రెండో ఏడు దసరా వెళ్లాక, ఆ లారీ చక్రాలు, ఇంజను విప్పి తెమ్మని యజమాని నాకు చెప్పినట్టు తెలిసి ఇద్దరూ షెడ్డుకు వచ్చినారు.

ఈశ్వరమ్మ అరుగు మీద కూర్చోలేదు. నిలబడే అడిగింది. "అన్నా, ఆయన సైకిలు మా గోడకు ఆనించి ఉండాది. ఎక్కేవాడు లేకున్నా నెల తిరక్కముందే గాలి దిగిపాయె. ఆ బండికి ఏడాది దాటింది. ఎవురూ కొట్టకుంటే గాలి ఎట్ల నిలబడతాది? టైర్ల పనోనివి గదా, నువ్వు చెప్పు."

కొండయ్య అన్నాడు: "బండికి గాలి కొట్టేటోడు ఇంటికి రాడా? చక్రాల మీద ఉండే ప్రేమ బిడ్డ మీద లేదా?"

"రాలేకపోతాండాడేమో బావా."

"ఏం, కాళ్లిరిగినాయా? కాళ్లిరిగినోడు పంపు ఎట్ల కొడతాడు?"

ఆమె ఆలోచనలో తప్పు లేదు. తనకు తెలిసిన ట్యూబును బట్టి సరిగ్గానే లెక్క వేసింది. నీలిగీత సంగతి నాకు తెలుసు. అయినా అంతకాలం నిలుస్తుందా అనేది నేను పుస్తకంలో చదివిందే తప్ప కంటితో చూసింది కాదు. అప్పుడు నాకు ఎర్ర ట్యూబు గుర్తొచ్చింది. జంట చక్రాల్లో బయటిదానికి గాలి పోయినా లోపలిది బరువు మోస్తుంది కనుక చూపుకు తెలియదు. "కుడిపక్క వెనక బయటి చక్రం ఒత్తి చూసినావా అమ్మా?" అని అడిగాను. ఆ పక్క గట్టు, ముళ్లకంప, చెయ్యి పోదని చెప్పింది. ఆ ఒక్క చక్రంలో మామూలు ట్యూబు ఉందని, ఎవరూ గాలి కొట్టకపోతే అది దిగిపోయి ఉండాలని, గట్టిగా ఉంటే మాత్రం ఎవరో కొడుతున్నట్టేనని ఇద్దరికీ చెప్పాను. ఆ చక్రం ఎట్ల చెబితే అట్ల అని ఒప్పుకున్నారు. ఈశ్వరమ్మ, "నేనూ వస్తా" అంది. కొండయ్య కూడా బయలుదేరాడు.

దోర్నాల నుంచి గురవయ్య దారి చూపించాడు. వెనక ఎద్దులబండితో కూలీలు. మేము చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. క్యాబిన్‌లోకి తీగలు అల్లుకుపోయాయి. ఇరుసు కింద మోకాలెత్తు పుట్ట లేచింది. బానెట్టు తుప్పుకు రంధ్రాలు పడింది. అన్నీ కుంగి, కుళ్లి ఉంటే చక్రాలు మాత్రం నిన్న సాయంత్రం నిలిపిన బండివి లాగా నిటారుగా ఉన్నాయి. ముందు చక్రం మీద వేలి కణుపుతో కొడితే ఖంగుమంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక చక్రాన్ని చూసి నేను భయపడింది అప్పుడే. టైరు పక్కభాగం మీద జానెడు మేర దుమ్ము లేకుండా, ఎవరో చేత్తో తుడిచినట్టు మెరుస్తూ ఉంది. "అడివిపంది ఒళ్లు రుద్దుకుంటాది" అన్నాడు గురవయ్య. అంటూనే అతను ఆ పక్క నుంచి దూరం జరిగాడు.

ముళ్లకంప కొట్టించి కుడిపక్కకు పోయాను. గట్టుకూ చక్రానికీ మధ్య ఒక మనిషి పక్కగా పట్టే సందు. లోపలికి చెయ్యి చాచబోతుండగా సప్పుడు వినిపించింది. స్స్ అని లాగడం, ఆగడం, మళ్లీ స్స్ అనడం. చేతిపంపుతో గాలి కొట్టే వరస అది. ఆ సప్పుడు మధ్య ఎన్నో ఏళ్లు బతికినవాణ్ని, పొరపాటు పడేది లేదు. కూలీలు చేతిలో పని ఆపేశారు. ఈశ్వరమ్మ నా మొహంలోకి చూస్తూ ఉంది. కొండయ్య, "వెదురు బొంగులు రాసుకుంటాండాయి" అన్నాడు. గాలి వీచడం లేదు. ఆ చుట్టుపక్కల వెదురు పొద కూడా నాకు కనిపించలేదు.

చెయ్యి చాచి చక్రం ఒత్తాను. టైరు మెత్తగా లోపలికి పోయింది. సప్పుడు ఆగిపోయింది. అది ఎప్పుడు ఆగిందో సరిగ్గా చెప్పలేను, ఆగిన తరువాతే తెలిసింది.

మిగిలిన చక్రాలకు గేజి పెట్టాను. మేము వాడే గేజి కలంలాగా ఉంటుంది. వాల్వుకు ఆనిస్తే గాలి ఎంత ఉంటే అంత పొడవు పుల్ల బయటికి తోసుకువస్తుంది. ఓబులేసు చక్రాల్లో ఉండవలసిన గాలిలో సగానికి కొంచెం తక్కువే ఉంది. ఖాళీ బండి నిటారుగా నిలబడటానికి అది చాలు. అన్ని చక్రాల్లోనూ ఇంచుమించు ఒకే కొలత. మనిషి మధ్యమధ్యలో వచ్చి కొట్టిన గాలి అట్ల సమంగా ఉండదు. ఒకే రోజు కొట్టి వదిలేసిన గాలి సమంగా తగ్గుతూ వచ్చింది. ఆమెకు అదే చెప్పాను.

"ఆ ఎర్రదానికి తూటు పడిందేమో. తూటు పడింది ఎన్నిసార్లు కొట్టినా నిలబడదు గదా" అంది. న్యాయమైన ప్రశ్నే. చెక్‌పోస్టు దగ్గర ఎద్దులు నీళ్లు తాగే తొట్టి ఉంది. ఎర్ర ట్యూబు బయటికి తీసి, గాలి నింపి, ఆమె ముందే నీళ్లలో ముంచి చుట్టూ తిప్పాను. ఒక్క బుడగ లేదు. వాల్వు మీద ఉమ్మి పూసి కూడా చూపించాను. తూటు లేని ట్యూబులో నుంచి గాలి పోవడం ఆమెకు అన్నిటికంటే భయం పుట్టించింది. తొట్టి అంచు పట్టుకొని చాలాసేపు ఆ నీళ్లలోకి చూసింది.

అంతకుముందు, బండి దగ్గర ఉండగానే సీటు కింద కూడా చూశాం. జాకీ, పానాలు అన్నీ ఉన్నాయి, తుప్పు పట్టి. పంపు మాత్రం లేదు. పంపు పెట్టే చోట దాని నూనె మరక ఉంది. "చూసినావా" అంది ఈశ్వరమ్మ. నీళ్లకు పోయే మనిషి పంపు ఎందుకు తీసుకుపోతాడు? దొంగ అయితే జాకీ వదిలి పంపు ఎందుకు ఎత్తుకుపోతాడు? తెలియదనే చెప్పాను.

షెడ్డుకు వచ్చాక ఇంకొక పరీక్ష చేశాను. పనికిరాని ఎర్ర ట్యూబు నుంచి, చినిగిన నీలిగీత ట్యూబు నుంచి పట్టీలు కోసి, రెండు ఉండలుగా బిగించి చుట్టి, కొండయ్య చేతికిచ్చి నేల మీద వేయమన్నాను. ఎర్ర ఉండ ఎగిరి అతని నడుము దాకా వచ్చింది. నీలిగీత ఉండ దబ్బున పడి పడిన చోటే ఉండిపోయింది. మా ఫిట్టరు మస్తాను అది చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. రబ్బరు ఎగరకపోవడం అతను చూడలేదు. రబ్బరు అణువుల గొలుసులు కదలడానికి బద్దకించే రకం కాబట్టే అది ఎగరదని, గాలి దూరడానికి సందు ఇవ్వనిది కూడా ఆ బద్దకమేనని వివరించాను.

"అయితే ఇది సచ్చిన రబ్బరు" అన్నాడు కొండయ్య.

ఈశ్వరమ్మ ఆ ఉండను చేతిలోకి తీసుకుంది. "సచ్చిందాంట్లో ఊపిరి నిలబడతాది, బతికిందాంట్లో నిలబడదా అన్నా?" అంది.

మాటలతో తేలేది కాదని, రెండు చక్రాలు ఆమె ఇంటికి పంపించాను. ఒకదానిలో ఎర్ర ట్యూబు, ఒకదానిలో నీలిగీత. తేడా తొందరగా తెలియాలని రెండింటికీ సమంగా, తక్కువ గాలి కొట్టాను. గేజి ఆమె చేతికే ఇచ్చి, పుల్ల ఎంత బయటికి వస్తుందో వేలి కణుపులతో ఎట్ల కొలవాలో నేర్పాను. ఊరికే మాటిమాటికీ కొలవొద్దని, కొలిచినప్పుడల్లా కొంచెం గాలి పోతుందని చెప్పాను. చక్రాలు పెట్టిన గదికి ఆమె తాళం వేసి, చెవి కొంగున ముడి వేసుకుంది. ఆ ఇంటివాళ్లు ఆ గది ముందు నుంచి నడవడం మానేశారని కొండయ్య చెప్పాడు. ఊళ్లో వాళ్లు ఆ చక్రాల మీద ఎగతాళిగా పలకరించి పోయేవారట: "ఏమ్మే, మీ అల్లుళ్లిద్దరూ బాగుండారా?" అని.

యజమాని మిగతా చక్రాలు బస్సులకు ఎక్కించమన్నాడు. ఎక్కించాను. ముందు ఎడమ చక్రం ఒకటి మాత్రం గాలి తీయకుండా, వాల్వు మూత మళ్లీ విప్పకుండా పక్కన పెట్టాను. అది ఈశ్వరమ్మ కోరింది. అందులో ఉన్నది ఓబులేసు ఆ ఉదయం తన చేతులతో కొట్టిన గాలి. యజమాని అడిగినప్పుడు, రిమ్ము పరీక్ష చేయాలని చెప్పాను. టైర్ ఫోర్‌మను మాట కాబట్టి సాగింది.

సంక్రాంతి వెళ్లి, శివరాత్రి జనం మళ్లీ కొండకు కదిలే రోజుల్లో ఆమె కొండయ్యను వెంటబెట్టుకొని షెడ్డుకు వచ్చింది. గేజి కొంగులో చుట్టి తెచ్చింది. ఎర్రదానికి పుల్ల బయటికి రావడమే మానేసిందని, నీలిగీతదానికి మొదట ఉన్నదానికంటే గోరంత తగ్గిందని చెప్పింది. తాళంచెవి తన కొంగు దాటి పోలేదని కూడా చెప్పింది. గేజి తుడిచి నా చేతికిచ్చి, "ఆ ముందు చక్రం తియ్యన్నా" అంది.

చక్రాన్ని దొర్లించుకొచ్చి నిలబెట్టాను. మూత విప్పి, వాల్వు పిన్ను వదులు చేశాను. గాలి సన్నగా మొదలైంది. ఆమె అరచెయ్యి అడ్డం పెట్టింది. షెడ్డులో సుత్తి సప్పుళ్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. లారీ చక్రం ఖాళీ కావడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ ఆమె చెయ్యి తీయలేదు. "సల్లగా ఉండాది" అంది ఒకసారి. గాలి వ్యాకోచించేటప్పుడు చల్లబడుతుందని నాకు తెలుసు. చెప్పలేదు. చివరి సప్పుడు కూడా ఆగాక టైరు ఒక పక్కకు ఒరిగింది. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకోకుండా అట్లాగే మూసుకొని, కొండయ్య వైపు తిరిగి, "ఇంక నీ ఇష్టం బావా" అంది. ఆ నెలలోనే కర్మ జరిగింది.

కొండయ్య పెద్దల ముందు నన్ను సాక్ష్యం చెప్పమన్నప్పుడు నేను చెప్పింది ఒక్కటే. ఆ చక్రాలకు ఎవరూ గాలి కొట్టలేదు. ఓబులేసు ఏమయ్యాడో, పంపు ఎక్కడ ఉందో, ఆ మధ్యాహ్నం మేము విన్నదేమిటో నేను చెప్పలేదు, తెలియదు కాబట్టి. తరువాత ఉద్యోగంలో ఎన్నో టైర్లు పగిలిన కేసుల్లో నివేదికలు రాశాను. ప్రతిసారీ ఆ పద్ధతే పాటించాను. ముందు అది ఏ రబ్బరో తెలుసుకోవాలి. ఒక రకం మీద వచ్చిన అనుభవంతో ఇంకొక రకాన్ని అంచనా వేయకూడదు. పరీక్షించినంత మేరకే మాట్లాడాలి. మిగిలినదాన్ని మిగిలినట్టే వదిలేయాలి.

ఈ పనిలో తోడ్పడినవారికి కృతజ్ఞతలు చెప్పుకోవాలి. పుస్తకం తెప్పించి, గడువు దాటినా అడగని వెంకటసుబ్బయ్యగారికి. భయపడుతూనే దారి చూపిన గురవయ్యకు. ఎగరని ఉండను తరువాత తానే తీసి దాచిపెట్టిన మస్తానుకు. ఒక్క చక్రం మాట మీద నిలబడిన కొండయ్యకు. గేజిని శుభ్రంగా తుడిచి తిరిగి ఇచ్చిన ఈశ్వరమ్మకు.